మాట్ కాగితముపై నిండైన నలుపు

హుజూరాబాదునుండి ఒక సోదరి మాకొక చిక్కు వ్రాసి పంపినారు. వారి అత్తగారికి మిగిలిన ఛాయాచిత్రము ఒక్కటే. దానిని ఫోనులోనికి తీసి, పెత్రమాసనాటికి గోడకు వేలాడదీయవలెనని ఇంటిలోని ప్రింటరుపై అచ్చు వేసినారట. నిగనిగలాడు కాగితముపై వేసినది వానకాలమున అద్దమునకు అంటుకొని పాడయినందున, ఈమారు మెరుపులేని మాట్ కాగితము కొన్నారు. ఫోనులో కాటుకవలె నున్న జుట్టు కాగితముపై బూడిదవర్ణమాయెను. సిరా కల్తీదా యని వారి ప్రశ్న. ఇట్టి సందేహము మరికొందరికిని ఉండును గనుక ఈ నెల పుటను దీనికే కేటాయించితిమి.

సోదరీ, మొదట సిరాను నిందింపకుడు. మాట్ కాగితపు ముఖము గరుకు. దానిపై బడిన వెలుతురు నలుదెసల చెదరి, కొంత మన కంటికి వచ్చుచునే యుండును. మేలైన మాట్ కాగితముపై అతిగాఢమైన నలుపు సైతము వెలుతురులో నూటికి రెండుపాళ్లు తిరిగి పంపును. మెరుపు కాగితము ఒక పాలుకంటె తక్కువ. ఆ కొంచెము భేదమే మనకు వెలవెలపాటుగా తోచును. ఫోను తెర స్వయముగా వెలుగునది. దానితో కాగితమును పోల్చుట న్యాయము కాదు. అయినను జుట్టు బూడిదవలె నుండ నక్కరలేదు.

అసలు కిటుకు పూతలో నున్నది. నిజాముగారి కొలువున ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదున స్త్రీలకొరకే ఒక జనానా స్టూడియో తెరచి, దాని నొక ఆంగ్లేయ వనితకు అప్పగించినారు. పరదా విడువని ఇల్లాండ్రు అచ్చట నిస్సంకోచముగా చిత్రములు తీయించుకొనగలిగిరి. ఆ కాలపు చిత్రములు పెక్కు గ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముపై వేసినవే. పూత వలన వెండి కాగితపు పీచులోనికి ఇంకక పైననే నిలిచి నలుపు చిక్కబడెడిది. నేటి మాట్ కాగితమునకు సన్నని సిలికా పూత వేయుటయు నందులకే. మామూలు తెల్లకాగితము సిరాను గుడ్డవలె పీల్చివేయును. కొన్ని కాగితములకు పూత ఒకవైపే యుండును. కొద్దిగా తడిసిన వ్రేలితో మూలను తాకినచో, పూతవైపు జిగురుగా అంటును.

ఇక ముఖ్యమైన సంగతి. ప్రింటరునకు ఆజ్ఞ ఇచ్చునపుడు కాగితపు రకము అడుగు గడి యొకటి కనబడును. పలువురు దానిని చూడనే చూడరు, లేక మంచిదను భ్రమతో గ్లాసీ అని ఎంచుదురు. సీసాలతో నింపెడి కొన్ని ప్రింటర్లలో నలుపు సిరా రేణువులతో కూడినది, తక్కిన మూడును నీట కరిగిన రంగులు. గ్లాసీ యని చెప్పిన, యంత్రము ఆ నల్లసిరాను ముట్టక, మూడు రంగులు కలిపి నలుపు చేయును. అది మాట్ కాగితముపై నీరసముగా వచ్చును. మాట్ అని చెప్పుడు. అసలు నలుపు దిగును. నాణ్యత గడిలో డ్రాఫ్ట్ వలదు, ఆ పొదుపు పొదుపు కాదు. ముందుగా నాజిల్ పరీక్ష చేసి, గీతలు తెగలేదని చూచుకొనుడు.

సిరా ఎంత పోసిన అంత నలుపని కొందరందురు. మేము సమ్మతింపము. పూత పట్టగలిగినంతయే పట్టును. మించినది ప్రాకి, జడయు నల్లరవికయు ఒకే మరకయగును. దానికి బదులు ఫోనులోని సవరణలలో బ్లాక్ పాయింట్ అనుదానిని కొంచెము పెంచిన చాలును. పాత చిత్రములలో నలుపు వెలిసి యుండును గనుక ఇది మిక్కిలి అవసరము. ముఖమును మాత్రము చీకటి చేయకుడు. చిత్రము వాట్సాపులో వచ్చినదైన చిన్నదై యుండును. డాక్యుమెంటుగా మరల పంపుమనుడు. నాలుగు ఆరు అంగుళముల చిత్రమునకు 1200, 1800 చుక్కలుండుట మేలు.

తలయు జుట్టును మాత్రము రెండంగుళముల ముక్కపై మొదట వేసి చూడుడు. తడియారక తీర్పు చెప్పవలదు. ఒక దినము ఆరనిచ్చి, పగటి వెలుతురులో చూడుడు. మిగిలిన కాగితములను సంచిలోనే మూసియుంచుడు, ముసురునాళ్లలో తేమ పీల్చిన పూతపై సిరా ప్రాకును. చట్రములో చిత్రమునకును అద్దమునకును నడుమ అట్టపట్టీ నొకటి వేయించిన, ఈమారు అంటుకొనదు.