చెరపని లెక్క
పోచంపల్లి నేతలో, రంగులో ముంచే ముందు నూలుకు కట్టిన కట్టు వదులైతే, ఆ లోపం చీర మీద బయటపడుతుంది. బ్యాంకు సాఫ్ట్‌వేరూ అటువంటిదే. హైదరాబాదులో 1996లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఐ.డి.ఆర్.బి.టి., ఏ.టి.ఎం.లను కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను 2004లో ప్రారంభించింది. నోటు చేతికి రాకుండా ఖాతాలో తగ్గిన సొమ్ము తిరిగి జమ కావాలి; లేకుంటే నేతన్న వారం కూలి గల్లంతే. మా పూర్వ విద్యార్థి ఒకడు బ్యాంకులకు ఇటువంటి పనే చేస్తున్నాడు. అప్పును వ్రాసుకొమ్మనే ఆయత్, అల్ బఖరా 282, ఖుర్ఆన్‌లోకెల్లా దీర్ఘమైనదని అతనికి బోధించినది మేమే. మొన్న మా చందాల పుస్తకంలో కొట్టివేతలు చూసి, "హజ్రత్, తప్పును చెరపకండి, దిగువన సవరణ వ్రాసి తేదీ వేయండి. మా దగ్గర అదే నియమం" అన్నాడు. కాస్త నొచ్చుకున్నాము. ఈ నెల నుండి అలాగే వ్రాస్తున్నాము.