బండి విప్పే ముందు ఒక మాట

నాగర్‌కర్నూలును పాతవాళ్లు కందనూలు అంటారు. నాగన్న, కందన్న అనే ఇద్దరి పేర్ల మీదుగా ఊరికి ఈ పేరు వచ్చిందని కొందరు చెబుతారు. ఎడ్లబండ్లు ఆగే తావు గనుక ఇక్కడ ఇరుసులకు కందెన అమ్మేవారని, ఆ కందెనే కందనూలైందని మరికొందరి మాట. ఏది నిజమో చరిత్రకారులు తేల్చాలి. ఎడ్లబండ్లు పోయి కార్లు వచ్చినా, బండి బాగు చేయించుకోవడానికి పల్లెలవాళ్లు ఈ ఊరికి రావడం మాత్రం ఆగలేదు.

వచ్చినవారికి పని ఎలా జరుగుతోందన్నది ఒక సంగతి. పని గురించి వారికి ఎంత చెబుతున్నారన్నది మరో సంగతి. లింగాల నుంచో పెంట్లవెల్లి నుంచో ఒకాయన కారు తెచ్చి షెడ్డులో పెడతాడు. "రేపు పొద్దుగూకేయాళ్లకు రా అన్నా, అయిపోతది" అంటాడు మెకానిక్. ఆయన మర్నాడు బస్సెక్కి వస్తే ఇంజను కిందే ఉంటుంది. సామాను హైదరాబాదు నుంచి రావాలట! ఆ మాట పొద్దున్నే ఫోనులో చెప్పి ఉంటే బస్సు చార్జీ, ఒక రోజు పని దక్కేవి. అప్పు మీద కారు కొని కిరాయికి తిప్పుకునేవాడికి ఇది మరీ కష్టం. బండి షెడ్డులో ఉన్నదని ఫైనాన్సువాళ్లు కిస్తీ ఆపరు.

బిల్లు దగ్గర గొడవ ఇంకో రకం. బ్రేకులు చూడమని ఇచ్చిన బండికి క్లచ్ ప్లేటు కూడా మార్చి లెక్క చేతిలో పెడతారు. క్లచ్ అరిగే ఉండవచ్చు, మార్చడం మంచిదే కావచ్చు. కానీ డబ్బు ఇచ్చేవాడిని అడగకుండా మార్చడం ఏమి న్యాయం? షెడ్ల దగ్గర తగాదాలు చాలావరకు చెడ్డ పని వల్ల కాదు, చెప్పని మాట వల్లే పుడుతున్నాయి.

మెకానిక్‌ల ఇబ్బందులూ చూడాలి. విప్పితే గాని తెలియని లోపాలు ఎన్నో ఉంటాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లే అమ్ముతున్నారు. వాటిలో సెన్సార్లు ఎక్కువ, స్కానర్ పెట్టి చూస్తే గాని జబ్బు అంతు చిక్కదు. ఆ స్కానర్ కొనడం చిన్న షెడ్డుకు బరువే. "నువ్వే చూసుకో తమ్మీ" అని తాళం ఇచ్చి పోయి, తీరా బిల్లు చూసి కోప్పడేవారికి, ఉద్దెర పెట్టి ఊరి మొహం చూడనివారికి కొదవ లేదు. చేసిన పనికి కూలి ముట్టేదాకా బండిని ఉంచుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ మెకానిక్‌కు ఇచ్చింది. అయితే చెప్పిన పని ఏది, చెప్పకుండా చేసింది ఏది అన్న పేచీ వస్తే ఆ హక్కు నిలబెట్టుకోవడానికీ ఒక కాగితం ఉండాలి.

ఆ కాగితానికి పెద్ద చదువు అక్కర్లేదు. బండి వచ్చిన తేదీ, మీటరు మీది కిలోమీటర్లు, యజమాని చెప్పిన బాధ, అంచనా ఖర్చు రాసి ఒక నకలు చేతికివ్వాలి. విప్పాక ఖర్చు పెరిగేటట్టుంటే అక్కడే ఆగి ఫోను చేయాలి. వేసేది కంపెనీ సామానా, బయటి సామానా అన్నది ముందే చెప్పాలి. తీసిన పాత సామాను యజమానికి చూపాలి. పాత క్లచ్ ప్లేటు కళ్లారా చూసినవాడు బేరమాడతాడేమో గాని అనుమానపడడు. ఇప్పుడు సెల్‌ఫోనులో ఫోటో పంపడానికి నిమిషం పట్టదు కూడా.

బ్రేకుల విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. డబ్బు లేదనో తొందరనో యజమాని వద్దన్నా, ప్రమాదం ఉన్నదని చెప్పి, చెప్పినట్టు కాగితం మీద రాయాలి. ఆ బండి అట్నుంచి అటే మన్ననూరు మీదుగా శ్రీశైలం పోవచ్చు. దోమలపెంట దాటాక ఘాటు దిగేటప్పుడు అరిగిన లైనింగుకు మొహమాటం తెలియదు.

చట్టమూ ఈ పక్షమే. 1986 నాటి వినియోగదారుల చట్టం స్థానంలో 2019లో చేసిన కొత్త చట్టం 2020 జూలై 20న అమలులోకి వచ్చింది. చేసిన పనికి బిల్లు ఇవ్వకపోవడాన్ని అది అనుచిత వ్యాపారం కింద లెక్కగట్టింది. బతుకుతెరువు కోసం సొంతంగా కారు నడుపుకునేవాడూ దాని కింద వినియోగదారుడే. నష్టపోయినవారు తాము ఉండే చోటి జిల్లా కమిషన్‌లోనే రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 1915 నంబరుకు ఫోను చేసినా సలహా చెబుతారు. కానీ చేతిలో చీటీ లేనివాడి మాట అక్కడ నిలవడం కష్టం.

షెడ్డులో మసి చేతులతో పొద్దుగడిపే మనిషి ఇవన్నీ తానే రాసుకోవాలనడం సబబు కాదు. రవాణా శాఖ, పౌరసరఫరాల శాఖ అధికారులు కలిసి తెలుగులో ఒక పేజీ నమూనా చీటీ అచ్చు వేయించి, అచ్చంపేట, కల్వకుర్తి, కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ షెడ్లన్నింటికీ పంచాలి. అందుకయ్యే ఖర్చు కాగితానికి, సిరాకే.