రెండో హెన్రీ చరిత్ర అంటే బెకెట్ హత్య ఒక్కటే కాదు

ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ పేరెత్తగానే 1170 డిసెంబరు 29 గుర్తుకొస్తుంది. ఆ రోజు ఆయన కొలువులోని నలుగురు యోధులు కాంటర్‌బరీ చర్చిలోనే ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను నరికి చంపారు. రాజుకు ఆ మచ్చ అంటిన మాట నిజమే. 1174లో ఆయన చెప్పుల్లేకుండా నడిచి వెళ్లి, బెకెట్ సమాధి దగ్గర సన్యాసుల చేత కొరడా దెబ్బలు తిన్నాడు. అయినా 1154 నుంచి 1189 దాకా సాగిన పాలనను ఆ ఒక్క నేరంతో కొలవడం అన్యాయం.

హెన్రీ గద్దెనెక్కేనాటికి సింహాసనం కోసం స్టీఫెన్, మటిల్డాల మధ్య సాగిన పోరులో దేశం నలిగిపోయి ఉంది. బలమున్నవాడిదే భూమి. హక్కు తేల్చుకోవాలంటే ద్వంద్వయుద్ధానికి దిగాల్సి వచ్చేది. హెన్రీ దీనికి వేరే దారి వేశాడు. పొలం పోగొట్టుకున్నవాడు రాజాజ్ఞ పత్రం తెచ్చుకుంటే, రాజు స్థానిక అధికారి అయిన షరీఫ్ చుట్టుపక్కల పన్నెండు మందిని పిలిపించేవాడు. వాళ్లు ఆ పొలాన్ని కళ్లారా చూసి, రాజు న్యాయమూర్తుల ముందు ప్రమాణం చేసి ఒక్క ప్రశ్నకు జవాబివ్వాలి: ఇతణ్ణి అన్యాయంగా, తీర్పు లేకుండా వెళ్లగొట్టారా, లేదా? అవునంటే ముందు స్వాధీనం ఇప్పించేవారు. అసలు హక్కుదారు ఎవరన్నది తర్వాతి మాట. పాత తగాదాలు పనికిరావు. రాజు చివరిసారి నార్మండీకి ఓడెక్కిన తర్వాత జరిగిందై ఉండాలి, గడువును అలా లెక్కపెట్టేవారు. 1176లో దేశాన్ని ఆరు మండలాలు చేసి, మండలానికి ముగ్గురు చొప్పున న్యాయమూర్తులను పంపాడు.

ఇందులో లోపాలు లేకపోలేదు. జరిమానాలతో ఖజానా నిండింది. దొరల భూముల్లో కట్టుబడి పనిచేసే రైతులకు ఈ దావా వేసే హక్కే లేదు. అయితే భూమి ఉన్న సామాన్యుడు తన దొర మీద సైతం రాజు కోర్టుకెక్కే వీలు కలిగింది. అంతకు ముందు ఆ తగాదా చాలావరకు దొర కొలువులోనే తేలేది. రాజు ఖజానా కోసమే ఇదంతా చేశాడనేవారు ఈ మార్పును తక్కువ చేస్తున్నారు.

ఇంగ్లండ్‌లో ఆ దావా 1833 దాకా చట్టంలో ఉంది. భారతదేశానికి ఇంగ్లిషు న్యాయపద్ధతితో పాటు ముందు స్వాధీనం, తర్వాతే హక్కు అనే ఆ సూత్రమూ వచ్చింది. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ ఆరో సెక్షన్ ప్రకారం, చట్టబద్ధంగా కాకుండా భూమిలోంచి వెళ్లగొట్టినవారి మీద ఆరు నెలల్లోగా దావా వేయవచ్చు. అవతలివారు ఏ హక్కు పత్రం చూపినా, ఆ దావాలో కోర్టు తేల్చేది స్వాధీనం సంగతే.