మామ కారు రేడియో
చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల పసుపు రోల్స్ రాయిస్ చూశారా? 1912 నాటిది. అంత దర్జా కారులోనూ రేడియో లేదు. ఎలా ఉంటుంది, అప్పటికి ఇక్కడ రేడియో స్టేషన్లే లేవుగా! హైదరాబాద్‌లో దక్కన్ రేడియో మొదలైందే 1935లో.

కారు రేడియోను జనంలోకి తెచ్చింది 1930లో అమెరికాలోని గాల్విన్ సోదరులు. పేరు మోటరోలా. అవును, మీకు తెలిసిన ఫోన్ల పేరే! అప్పటి రేడియోల్లో గాజు వాల్వులుండేవి. వాటికి వందకు పైగా వోల్టులు కావాలి, చాలా కార్ల బ్యాటరీ ఇచ్చేది ఆరే. మధ్యలో వైబ్రేటర్, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ పెంచేవారు. స్విచ్ వేశాక వాల్వులు వేడెక్కితేనే పాట. తర్వాత ఖరీదైన కార్లకు డ్యాష్‌బోర్డుకు నప్పే రేడియోను ఫ్యాక్టరీలోనే బిగించేవారు.

పాత కారు దొరికితే ఆ రేడియో మాత్రం పీకకండి. గోదావరిఖనిలో మా మామ అంబాసిడర్‌కి నేనా పని చేశా. పాత రేడియో తూకానికి అమ్మేసి, బ్లూటూత్ సెట్ పెట్టించా. షిఫ్టు దిగొచ్చి మామ ఆ కారులోనే కూర్చుని వార్తలు వినేవాడు. "బాయిల ఏ స్టేషనూ పట్టది అల్లుడా" అనేటోడు.

కొత్త సెట్ బాగానే పాడుతోంది. మామే కారులో కూర్చోవడం మానేశాడు.