ముఖం మీద ఎన్ని చుక్కలు?

కృష్ణా తీరాన ఒక చిన్న పట్టణం. బజారు వీథిలోని ఫోటో స్టూడియోలోకి సాయంకాలం ఏడు గంటల వేళ ఒక యువకుడు వచ్చి, తన సెల్‌ఫోనును బల్ల మీద ఉంచాడు. తండ్రి కాలం చేసి ఆరు రోజులయింది. పెద్దకర్మ నాటికి ఆయన పటం కట్టించాలి. 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు ఉంటే హాల్లో గోడకు నిండుగా ఉంటుందని తల్లి కోరిక. ఫోనులో ఉన్నది క్రిందటి వేసవిలో చెల్లెలి పెళ్ళినాటి రాత్రి తీసిన చిత్రం. బంధువర్గమంతా అందులో ఉన్నారు. వెనుక వరుసలో కుడి నుంచి మూడవ మనిషి ఆయన. హాయిగా నవ్వుతున్నారు.

"నాన్నగారిని ఒక్కరినే తీసి పెద్దది చేయాలండీ" అన్నాడు యువకుడు.

స్టూడియో యజమాని ఆ ముఖాన్ని కంప్యూటర్ తెర మీద పెంచుతూ పోయాడు. పెంచిన కొద్దీ నవ్వు చెదిరి, కళ్ళు కరిగి, చివరకు గళ్ళ దుప్పటి వంటిదేదో మిగిలింది. "బాబూ, ఇందులో మీ నాన్నగారి ముఖం లేదు" అన్నాడాయన మెల్లగా.

"అదేమిటండీ! తీసిన ఫోను 108 మెగాపిక్సెళ్ళది. ఆ సంఖ్య చూసే కొన్నాం."

ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. ఫోను పెట్టె మీద అచ్చువేసిన సంఖ్య నిజం. స్టూడియో యజమాని కంటికి కనిపించిందీ నిజమే. ఈ రెండు నిజాలకూ నడుమ ఉన్న దూరమెంతో తెలియకపోవడం వల్లనే నేడు అనేక కుటుంబాలు, తమ వద్ద వేలాది చిత్రాలున్నా, కావలసిననాడు ఒక్కటీ అక్కరకు రాక నిరాశ చెందుతున్నాయి.

సంక్రాంతి ముగ్గు పెట్టే గృహిణికి ఈ లెక్క కొత్తది కాదు. ముందు వరుసలుగా చుక్కలు పెట్టి, ఆ చుక్కల ఆధారంతో ఆమె పద్మాన్ని గాని, రథాన్ని గాని రూపొందిస్తుంది. చుక్కలు తక్కువైతే రథం చక్రాల వరకే వస్తుంది. ఎక్కువైతే చక్రంలోని ఆకులు కూడా చూపవచ్చు. డిజిటల్ చిత్రం కూడా చుక్కల కూర్పే. ఒక్కొక్క చుక్కకు ఇంత వెలుగు, ఇంత రంగు అని అంకెలు నిర్ణయమై ఉంటాయి. ఆ చుక్కకే పిక్సెల్ అని పేరు. వరుసకు 4,000 చుక్కల వంతున 3,000 వరుసలుంటే మొత్తం 1 కోటి 20 లక్షలు. పది లక్షల పిక్సెళ్ళు ఒక మెగాపిక్సెల్ కనుక, అది 12 మెగాపిక్సెళ్ళ చిత్రం.

ముగ్గు మరొక సంగతి కూడా బోధిస్తుంది. పది వరుసల ముగ్గుకు 100 చుక్కలు కావాలి. దానిని అన్ని వైపులా రెట్టింపు చేస్తే పట్టే చుక్కలు 200 కావు, 400. కెమెరాల విషయంలోనూ ఇంతే. 12 మెగాపిక్సెళ్ళ నుంచి 24కు వెళ్ళినవారు స్పష్టత రెట్టింపైందని సంతోషిస్తారు. నిజానికి వరుసలోని చుక్కలు 4,000 నుంచి సుమారు 5,650కి మాత్రమే పెరిగాయి. ఆ వరుస 8,000కు చేరాలంటే 48 మెగాపిక్సెళ్ళు కావాలి. పెట్టె మీది సంఖ్య పెరిగినంత వేగంగా కంటికి తోచే మేలు పెరగదు.

ఈ చుక్కల విద్య ఒక తండ్రి ముచ్చటతోనే ఆరంభమైందనడం అతిశయోక్తి కాదు. 1957లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేస్తున్న రసెల్ కిర్ష్, సహచరులతో కలిసి నిర్మించిన స్కానర్‌కు తన మూడు నెలల కుమారుడి ఫోటోను అందించారు. యంత్రం దానిని వరుసకు 176 చుక్కలుగా, 176 వరుసలుగా చదివింది. మొత్తం 30,976 చుక్కలు. కంప్యూటర్‌లోకి ఎక్కిన తొలి ఛాయాచిత్రం ఆ పసివాడిదే. 1975లో కోడక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తొలి డిజిటల్ కెమెరాను తయారుచేశారు. అది సుమారు మూడున్నర కిలోల బరువు. వరుసకు 100 వంతున 100 వరుసలు, అనగా 10,000 చుక్కలు దాని శక్తి. ఒక్క నలుపు తెలుపు చిత్రాన్ని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. నేటి ఫోను కెమెరా దానికి వేలరెట్లు చుక్కలు గలది. అయినా పెళ్ళినాటి ముఖం ఎందుకు చెదిరింది?

మొదటి కారణం వెలుగు. కటకం వెనుక ఉండే సెన్సర్ అనే చిన్న పలకకు చుక్కలను లెక్కపెట్టడం అసలు పని కాదు, కాంతిని పట్టుకోవడం. వాన వేళ చూరు క్రింద ఒక గంగాళాన్నీ, పక్కన కొన్ని ఉగ్గుగిన్నెలనూ పెడితే, జడివానలో అన్నీ నిండుతాయి; తుంపర పడేటప్పుడు ఉగ్గుగిన్నెల్లో ఒకదానిలో మూడు చినుకులు, మరొకదానిలో ఒకటే పడవచ్చు. కాంతి కూడా కణాలుగానే వస్తుంది. పిక్సెల్ చిన్నదైన కొద్దీ, వెలుగు తగ్గిన కొద్దీ ఈ హెచ్చుతగ్గులు చిత్రంలో ఇసుక చల్లినట్లు కనిపిస్తాయి. వృత్తి ఛాయాగ్రాహకులు వాడే పెద్ద కెమెరాలలో 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు గల సెన్సర్ ఉంటుంది. దానిమీద 24 మెగాపిక్సెళ్ళు పరిస్తే ఒక్కొక్కటి మిల్లీమీటరులో వేయింట ఆరు వంతుల వెడల్పు ఉంటుంది. 108 మెగాపిక్సెళ్ళ ఫోనులో ఆ వెడల్పు తరచు వేయింట 0.8 వంతు మాత్రమే. వైశాల్యంలో పెద్ద పిక్సెల్ చిన్నదానికి 56 రెట్లు.

రెండవ కారణం కటకం. కాంతి తరంగ స్వభావం గలది కనుక ఎంత మేలైన కటకమైనా ఒక నక్షత్రాన్ని సూదిమొన వంటి బిందువుగా చూపలేదు. చిన్న బొట్టుగానే చూపుతుంది. ఫోను కటకాలలో సాధారణమైన ఎఫ్ 1.8 ద్వారం వద్ద ఆకుపచ్చ కాంతి బొట్టు వెడల్పు మిల్లీమీటరులో వేయింట 2.4 వంతులు. అనగా ఒక్క బొట్టు క్రింద మూడు పిక్సెళ్ళు పక్కపక్కనే ఇముడుతాయి. కటకం విడదీసి చూపలేని వివరాన్ని చుక్కలు ఎన్ని ఉన్నా పట్టుకోలేవు.

మూడవది రంగు. సెన్సర్‌కు స్వతహాగా రంగు తెలియదు. అందుచేత ప్రతి పిక్సెల్ మీదా ఎరుపు, ఆకుపచ్చ, నీలాలలో ఒకే ఒక రంగు గాజును అమరుస్తారు. కోడక్‌లోనే పనిచేసిన బ్రైస్ బేయర్ పేరిట 1976లో పేటెంటు పొందిన ఈ అమరికలో సగం ఆకుపచ్చ, పాతిక ఎరుపు, పాతిక నీలం. మనిషి కన్ను ఆకుపచ్చ వెలుగును ఎక్కువగా గుర్తించడమే దీనికి కారణం. తక్కిన రెండు రంగులను ప్రతి పిక్సెల్ ఇరుగుపొరుగుల నుంచి అంచనా కట్టుకుంటుంది.

ఈ పరిమితులు తయారీదారులకు తెలియనివి కావు. అందుకే ఇటువంటి ఫోనులు సాధారణంగా పక్కపక్కనున్న తొమ్మిదేసి పిక్సెళ్ళను ఒక్కటిగా కలిపి లెక్కిస్తాయి. 108 మెగాపిక్సెళ్ళ ఫోను రాత్రివేళ భద్రపరచేది 12 మెగాపిక్సెళ్ళ చిత్రమే. ఇది మోసమనడం సరికాదు; తొమ్మిది ఉగ్గుగిన్నెల నీటిని ఒక చెంబులో పోసుకోవడం వంటిది. ఐతే పెట్టె మీద పెద్ద అక్షరాలలో కనిపించేది మాత్రం గిన్నెల సంఖ్య.

చుక్కలు తక్కువైనా ఘనకార్యాలు సాధ్యమేనని గ్రహాంతర యాత్రలు నిరూపించాయి. 2012లో అంగారకునిపై దిగిన క్యూరియాసిటీ వాహనపు ప్రధాన కెమెరాలు ఒక్కొక్కటి రెండేసి మెగాపిక్సెళ్ళవి. 2014లో ఆ గ్రహకక్ష్య చేరిన మన మంగళయాన్‌లోని రంగుల కెమెరా వరుసకు 2,048 వంతున 2,048 వరుసలది, అనగా సుమారు 42 లక్షల చుక్కలది. అంగారక గోళాన్ని నిండుగా చూపిన చిత్రాలను అదే పంపింది.

మరి ఎన్ని చుక్కలు చాలును? దీనికి జవాబు కెమెరాలో లేదు. చూసేవాని కంటిలో, చూసే దూరంలో ఉన్నది. ఆరోగ్యవంతమైన కన్ను అడుగు దూరం నుంచి అంగుళంలో సుమారు 300 చుక్కలను విడివిడిగా చూడగలదు. చేతిలో పట్టుకుని చూసే ఫోటోకు 300 లెక్క అందుకే వచ్చింది. 4 అంగుళాలకు 6 అంగుళాల ఫోటోకు ఈ లెక్కన కావలసినవి 22 లక్షల లోపు చుక్కలు. 8కి 10 అంగుళాల ఫోటోకు 72 లక్షలు. దూరం రెట్టింపైతే అంగుళానికి 150 చాలు. రెండు మీటర్ల దూరం నుంచి చూసే గోడ పటానికి 45 ఉన్నా కన్ను తప్పుపట్టదు. కూడలిలోని బ్రహ్మాండమైన సినిమా బోర్డును దగ్గరగా వెళ్ళి చూస్తే అందులోని చుక్కలు విడివిడిగా కనిపించడానికి కారణం ఇదే.

ఇక పెళ్ళి చిత్రం లెక్క చూడవచ్చు. బంధువుల వరుస ఎనిమిది మీటర్ల మేర పరచుకున్నది. చిత్రం వెడల్పున 4,000 చుక్కలు. అనగా ఒక్కొక్క చుక్క రెండు మిల్లీమీటర్ల స్థలాన్ని కాచింది. పదహారు సెంటీమీటర్ల వెడల్పు గల తండ్రి ముఖానికి దక్కినవి 80 చుక్కలు. అదీ మూల చిత్రంలో. యువకుని చేతిలో ఉన్నది మూల చిత్రం కాదు. ఫోను అతని మేనమామది. ఆయన చిత్రాన్ని సందేశాలు పంపే యాప్ ద్వారా అందరికీ పంచారు. బరువు తగ్గించే నిమిత్తం యాప్ దానిని వెడల్పున 1,600 చుక్కలకు కుదించింది. ముఖానికి మిగిలినవి 32. పటంలో ముఖం ఐదంగుళాల వెడల్పుండాలంటే అంగుళానికి ఏడు చుక్కలైనా రావు. మేనమామ ఫోను నిండిపోయి, మూల చిత్రం ఏనాడో చెరిగిపోయింది.

మెగాపిక్సెళ్ళు మొత్తం చిత్రానికి చెందిన ఆస్తి. ప్రియమైన ముఖానికి అందులో దక్కే వాటా ఎంతన్నదే అసలు ప్రశ్న. బాగా దగ్గరకు వెళ్ళి, ఆయననొక్కరినే తీసి ఉంటే, అదే ఫోను ఆ ముఖానికి వేయికి పైగా చుక్కలను ఇచ్చి ఉండేది.

"కృత్రిమ మేధతో బాగుచేస్తారట కదండీ?" అని యువకుడు అడిగాడు. స్టూడియో యజమాని ఆ ప్రయత్నమూ చేసి చూపాడు. క్షణంలో తెరమీద నున్నని, స్పష్టమైన ముఖం వెలిసింది. కనురెప్పలు కూడా లెక్కించవచ్చు. యువకుడు చాలాసేపు చూశాడు. ఎడమ చెంప మీది పుట్టుమచ్చ లేదు. కనుబొమల వంపు వేరు. అటువంటి యంత్రం పోయిన వివరాన్ని వెదికి తేదు. తాను నేర్చిన అసంఖ్యాకమైన ముఖాలను బట్టి, ఇక్కడ ఇట్లా ఉండవచ్చునని ఊహించి నింపుతుంది. ఊహ అందంగా ఉండవచ్చు. కాని అది మరెవరో.

"ఇది మా నాన్నగారు కాదండీ" అన్నాడతను.

చిత్రాలు తీసేవారందరూ గుర్తుంచుకోదగిన విషయాలు కొన్ని ఉన్నాయి. కొనేటప్పుడు మెగాపిక్సెళ్ళతో పాటు సెన్సర్ పరిమాణాన్ని అడగాలి. ఫోనులో వేళ్ళతో జరిపి దూరపు మనిషిని దగ్గరకు తెచ్చుకోవడం కన్న, కాళ్ళతో నడిచి దగ్గరకు వెళ్ళడం మేలు. పెద్దలను వెలుగున్న చోట, కిటికీ పక్కన కూర్చోబెట్టి, ముఖం నిండుగా ఒక్క చిత్రమైనా విడిగా తీయాలి. చిత్రాన్ని పంపేటప్పుడు డాక్యుమెంటు రూపంలో పంపితే చుక్కలు తగ్గవు. మూల ప్రతిని రెండు చోట్ల దాచాలి. ముఖ్యమైన వాటిని కాగితం మీద అచ్చువేయించాలి.

కాగితమే ఆ కుటుంబాన్ని ఆదుకున్నది. స్టూడియో యజమాని సలహాపై యువకుడు ఇంటికి వెళ్ళి, తల్లి ట్రంకు పెట్టె తెరిపించాడు. పింఛను కాగితాల నడుమ, పదిహేనేళ్ళ నాటి పాస్‌పోర్టు సైజు ఫోటో దొరికింది. అందులో ముఖం వెడల్పు ముప్పాతిక అంగుళమే. కాని ఆ అచ్చులో అంగుళానికి 300 చుక్కలపాటి వివరం నిలిచి ఉన్నది, ముఖానికి 225. గోడ పటంలో ఐదంగుళాలకు పెంచితే అంగుళానికి 45. రెండు మీటర్ల దూరం నుంచి చూసే కంటికి సరిగ్గా చాలినంత.

పెద్దకర్మనాడు పటం గోడకెక్కింది. ఆ ఫోటోలో ఆయన నవ్వడం లేదు. దరఖాస్తుకని తీయించుకున్నది కదా. దండ వేసి దూరంగా జరిగి చూసిన ఆ తల్లి, ఎడమ చెంప మీది పుట్టుమచ్చను చూసి కళ్ళు తుడుచుకున్నది.