నలభై రెండవ రోజున తోడెవరు?

ఏటా కార్తీక మాసంలో మా తెనాలి ప్రాంతంలో ఒక విశేషాన్ని గమనిస్తుంటాను. సంవత్సరమంతా పొద్దు వాలేసరికి కాలు నిలవని మనిషి మాల ధరిస్తాడు. తెల్లవారుజామున చన్నీటి స్నానం, నల్లని వస్త్రాలు, సాయంత్రం భజన. 41 రోజులు మద్యం జోలికి పోడు. మాల తీసిన వారం తిరగకుండానే అదే దుకాణం ముందు కనిపిస్తాడు. "దేవుడికైనా భయపడడు, వీడు బాగుపడడు" అని మనం తీర్పు చెప్పి ఇంటికి పోతాం.

ఆ తీర్పు తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ 41 రోజులు అతనికి లభించినవేమిటో ఆలోచించండి. భక్తి ఉంది, నిజమే. దానితో పాటు వేళకు ఒక పని ఉంది, చుట్టూ తనవంటి నియమంలో ఉన్న పదిమంది ఉన్నారు, దారి చూపే గురుస్వామి ఉన్నాడు. నిన్నటిదాకా "ఏరా" అన్నవారే "స్వామీ" అని పిలిచారు. నలభై రెండవ రోజున ఇవన్నీ ఒక్కసారిగా పోయాయి. అతడు మానగలడని ఆ దీక్ష రుజువు చేసింది. ఒంటరిగా నిలబడలేడని మరునాడు రుజువైంది. లోపం అతని ఒక్కడిదేనా? తోడు లేకుండా వదిలేసిన మనది కాదా?

నా తప్పు కూడా ఒప్పుకుంటాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వాపెక్కిన కాలేయాలకు మాత్రలు రాసి, "ఇక మానెయ్యవయ్యా" అని గద్దించి పంపాను. ఎలా మానాలో, మానినవారు ఎక్కడ కలుస్తారో ఎన్నడూ చెప్పలేదు. అలా పంపిన వారిలో కొందరు తిరిగి రాలేదు.

మద్యపాన వ్యసనపరుల సహాయక సమావేశాలు కొత్తవి కావు. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే వ్యాపారి, బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్‌ను ప్రారంభించారు. ఇద్దరూ ఆ వ్యసనంలో కూరుకుపోయినవారే. వైద్యుడికే వైద్య జ్ఞానం చాలలేదు. తనలాంటి మరొక మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడిన తరువాతనే అతనికి దారి దొరికింది. 1957లో ఈ సంస్థ మన దేశానికి వచ్చింది. రుసుము లేదు, హాజరు పట్టీ లేదు, ఏ మతానికీ పార్టీకీ చెందదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. దిగితేగాని లోతు తెలియదంటారు. ఆ లోతు చూసి ఒడ్డుకు చేరినవాడి మాటకున్న బలం నా డిగ్రీలకు లేదు.

"ఇవన్నీ కబుర్లు" అనేవారికి ఒక మాట. 2020లో కోక్రేన్ సంస్థ పదివేల మందికి పైగా పాల్గొన్న 27 అధ్యయనాలను సమీక్షించింది. పూర్తిగా మానివేసి నిలబడటంలో, ఈ సమావేశాల వైపు పద్ధతిగా నడిపించే చికిత్సలు ఇతర మానసిక చికిత్సల కంటే మెరుగని తేల్చింది. అందరికీ సరిపడతాయని నేను అనను. ప్రయత్నించకుండా కొట్టిపారేయవద్దంటున్నాను. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగిలిన 37 మందికి అందినవి తిట్లు, ఒట్లు, తాయెత్తులు.

"నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది" అన్నది మన ఊళ్ళలో అందరూ చెప్పే కారణం. అయ్యా, నడివీధిలో పడిపోయిన నాడు పోని పరువు, నలుగురు మానినవారి మధ్య కుర్చీలో కూర్చుంటే పోతుందా? అక్కడ ఇంటిపేరు అడగరు, విన్నది బయట చెప్పకూడదన్నది వారి నియమం. అయినా సంకోచమైతే రేపల్లె వారు తెనాలికి, తెనాలి వారు బాపట్లకు రైలెక్కండి. ఒక్క సాయంత్రం ప్రయాణమే కదా!

మరొక ప్రమాదాన్ని హెచ్చరించాలి. మన భాషలో సారాకూ ఔషధానికీ ఒకే మాట, మందు. ఆ మందు మాన్పించడానికి ఈ మందును కూరలో రహస్యంగా కలపమని ప్రకటనలు వస్తుంటాయి. దయచేసి ఆ పని చేయకండి. అందులో డైసల్ఫిరామ్ ఉంటే, తెలియక తాగిన మనిషికి రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అలాగే రోజూ అధికంగా తాగేవారు వైద్యుడి పర్యవేక్షణ లేకుండా హఠాత్తుగా మానకూడదు. మొదటి కొద్ది రోజుల్లో ఫిట్స్, లేనివి కనిపించడం, మతి తప్పడం సంభవించవచ్చు. ముందు ఆసుపత్రి, వెంటనే సమావేశం. ఒకటి శరీరానికి, రెండవది నలభై రెండవ రోజుకు.

సమావేశం ఎక్కడ, ఏ రోజున అన్నది సంస్థ భారతదేశ వెబ్‌సైటులో వెతకండి. వెళ్ళే ముందు ఫోను చేసి వేళ నిర్ధారించుకోండి. జాతీయ వ్యసన విముక్తి సహాయవాణి 14446కు, మానసిక ఆరోగ్యానికి సంబంధించిన టెలీ మానస్ 14416కు కూడా ఫోను చేయవచ్చు. ఒక్కసారి వెళ్ళి నచ్చలేదని ఆగిపోకండి, కొన్ని వారాలు వెళ్ళండి. భర్త రానంటే, అమ్మా, మీరు వెళ్ళండి. కుటుంబ సభ్యుల కోసం అల్-అనాన్ అనే సంఘం వేరుగా ఉంది.

మీ ఊళ్ళో సమావేశం లేదా? ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే అదే సమావేశమని ఆ సంస్థ సంప్రదాయం. వారికి కావలసింది ఒక గది, కొన్ని కుర్చీలు, వారానికొక గంట. తెనాలి, బాపట్ల, రేపల్లెలలో కల్యాణ మండపాలున్నాయి, బడులున్నాయి, సత్రాలున్నాయి. 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. 2019లో దుకాణాలు ప్రభుత్వం చేతికి వచ్చాయి, 2024లో ప్రైవేటు చేతికి వెళ్ళాయి. దుకాణం యజమాని మారాడే గాని, దాని ముందు నిలబడిన మనిషి మారలేదు.

పెద్దలారా, దుకాణానికి అద్దెకిచ్చే గదులు మన ఊళ్ళలో దొరుకుతున్నాయి. మానదలచినవారికి గంటసేపు ఇచ్చే గది ఒక్కటి దొరకదా?