బ్లాక్ ఫంగస్ కరోనాతో పోలేదు

దవడ నొప్పి అని ఓ యాభై ఏళ్ల రైతు పన్ను పీకించుకున్నారు. నొప్పి తగ్గలేదు. పక్క పన్నూ కదిలింది, బుగ్గ మొద్దుబారింది. కన్ను వాచి రెప్ప వాలిపోయాక మా దగ్గరికి తీసుకొచ్చారు. అప్పటికి పది రోజులైంది. షుగర్ 480. ‘బాగానే ఉంది కదా అని మాత్రలు మానేశారు సార్, ఆర్నెల్లయింది’ అన్నారు ఆయన భార్య. ప్రాణం దక్కింది గానీ కన్ను దక్కలేదు.

ఆయనకు వచ్చింది మ్యూకార్‌మైకోసిస్. మనందరికీ తెలిసిన పేరు బ్లాక్ ఫంగస్. ‘అది కరోనాతోనే పోయింది కదా?’ అన్నాడు కొడుకు. మీరూ అలాగే అనుకుంటూ ఉండొచ్చు. 2021 మే నెలలో కేసులు పోటెత్తినప్పుడు తెలంగాణ దీన్ని ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన జబ్బుగా ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఆ హడావుడి తగ్గగానే జబ్బునూ మర్చిపోయాం. కానీ ఇది కరోనాకు ముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. మన దేశంలో దీనికి అసలు దారి అదుపు తప్పిన మధుమేహమే.

ఈ బూజు మట్టిలో, కుళ్లిన ఆకుల్లో ఉంటుంది. దాని బీజాలను అందరం పీలుస్తూనే ఉంటాం. తెల్ల రక్తకణాలు వాటిని ఎప్పటికప్పుడు చంపేస్తాయి. షుగర్ బాగా పెరిగితే ఆ కణాలు నీరసిస్తాయి. రక్తంలో ఆమ్లాలు పేరుకుంటే అందులోని ఇనుము విడివడి బూజుకు మేత అవుతుంది. అది రక్తనాళాల్లోకి చొరబడి వాటిని మూసేస్తుంది. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. ఆ నలుపు బూజుది కాదు, మన కండది. అక్కడికి మందూ చేరదు. అందుకే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్లతో పాటు ఆపరేషన్ చేసి ఆ భాగాన్ని తీసేయాల్సి వస్తుంది.

మధుమేహం ఉన్నవారు, స్టిరాయిడ్లు వాడుతున్నవారు, అవయవ మార్పిడి లేదా బ్లడ్ క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు ఈ గుర్తులు మరవొద్దు. ముఖం ఒక పక్కే నొప్పి లేదా తిమ్మిరి, ముక్కు నుంచి నల్లటి లేదా రక్తపు చీమిడి, కంటి వాపు, ఒకటి రెండుగా కనిపించడం, పళ్లు కదలడం, అంగిట్లో నల్లమచ్చ. వీటిలో ఏ ఒక్కటున్నా తెల్లారేదాకా ఆగొద్దు. ఇది అంటువ్యాధి కాదు, రోగిని దూరం పెట్టొద్దు.

తప్పంతా రోగిదే అనను. ముఖం నొప్పితో వచ్చినవారికి చుక్క రక్తంతో షుగర్ చూడటానికి నిమిషం చాలు. ఆ నిమిషం మా వైద్యులమే చాలాసార్లు కేటాయించడం లేదు. షుగర్ అడగకుండానే కీళ్లనొప్పులకు స్టిరాయిడ్ సూది వేసేవారూ ఉన్నారు. ముక్కులోంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూసే పరీక్షకు పెద్ద ఖర్చుండదు, అదే రోజు ఫలితం వస్తుంది. అది ప్రతి జిల్లా ఆసుపత్రిలో జరగాలి. ఆంఫోటెరిసిన్ అక్కడ నిల్వ ఉండాలి. 2021లో ఆ ఇంజెక్షన్ కోసం జనం ఊళ్లు తిరిగిన సంగతి అప్పుడే మరవకూడదు.

మీ వంతుగా ఒక్కటి చేయండి. ‘బాగానే ఉంది’ అనిపించిన రోజున కూడా షుగర్ మాత్ర మానకండి. మీరు బాగున్నది ఆ మాత్ర వల్లే కావచ్చు.